బుల్లెట్ బండి, ఫెల్టు ఫిల్టరు: ఒక ఫౌజీ అలవాటు చరిత్ర

మన సంఘం సమావేశాల్లో ఇద్దరు పాత ఫౌజీలు టీ గ్లాసులు పట్టుకొని ఒక మూల నిలబడ్డారంటే, పింఛను సంగతి అయిపోయాక వచ్చే రెండో సంగతి బుల్లెట్ బండి. "అదండీ బండంటే! ఇప్పుడొచ్చేవన్నీ రేకు డబ్బాలు" అని ఒకరంటారు, రెండోవారు తలూపుతారు. నేనూ ఆ మాట అన్నవాణ్ణే, ఒప్పుకుంటాను. అయితే ఇ.ఎం.ఇ.లో వెహికిల్ మెకానిక్‌గా చేరి, సర్వీసులో చాలా ఏళ్ళు ఆ బండ్ల పక్కన గొంతుక్కూర్చుని గడిపినవాణ్ణి గనక, ఆ పొగడ్తలో ఏదో లెక్క తప్పిందని ఎప్పుడూ అనిపిస్తుంది. బండి గట్టిదే. కాని దాని ప్రాణం మాత్రం వేలెడు పొడవున్న ఒక ఫెల్టు గొట్టంలో, రెండు లీటర్ల పైచిలుకు నూనెలో ఉండేది. ఆ నూనెని, ఆ ఫెల్టుని వేళకి మార్చిన జవాన్ల సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ రాలేదు. ఆ సంగతే నాలుగు మాటల్లో చెబుదామని ఈ ప్రయత్నం.

ముందుగా బండి పుట్టుపూర్వోత్తరాలు. ఇంగ్లండులో వూస్టర్‌షైర్ జిల్లాలో రెడిచ్ అనే ఊరుంది. ఆ ఊరు మొదట్లో కుట్టుసూదులకి ప్రసిద్ధి. సూదుల కార్ఖానాగా మొదలైన వ్యాపారం సైకిళ్ళలోకి దిగి, ఆ తరువాత ఎన్‌ఫీల్డ్ ఊళ్ళోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసి ఇచ్చే పని దొరికించుకొని, 1893 ప్రాంతంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్న పేరు పెట్టుకుంది. "తుపాకీలా తయారైంది" అన్న నినాదం, ఫిరంగి బొమ్మ అలా వచ్చినవే. మొదటి మోటార్‌సైకిల్ 1901లో వచ్చింది. బుల్లెట్ అన్న పేరు 1930ల మొదట్లో పెట్టారు. మనం ఎరిగిన బుల్లెట్ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తరువాతిది. 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో దాని నమూనా బండ్లు బంగారు పతకాలు తెచ్చుకున్నాయి. వెనక చక్రానికి స్వింగింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉండటం ఆ రోజుల్లో పెద్ద విశేషం. 1949 నుంచి ఆ బండి అమ్మకానికి వచ్చింది.

అంతకుముందు మన సైన్యంలో నడిచినవి యుద్ధకాలపు బండ్లు. బి.ఎస్.ఎ. ఎం-20, నార్టన్ 16-హెచ్, మ్యాచ్‌లెస్ వంటివి. ఒక్క ఎం-20లే యుద్ధంలో లక్షకు పైగా తయారయ్యాయి. 500 సి.సి. సైడ్‌వాల్వ్ ఇంజను, ఏనుగు లాంటి బండి. దాని నూనె ట్యాంకు ఇంజనుకి విడిగా ఫ్రేముకి తగిలించి ఉండేది. ట్యాంకు నుంచి ఇంజనుకి, ఇంజను నుంచి మళ్ళీ ట్యాంకుకి పైపులు. రాళ్ళదారిలో ఆ పైపు ఒకటి కారడం మొదలుపెడితే డి.ఆర్. పని అంతే సంగతులు. డి.ఆర్. అంటే డిస్పాచ్ రైడర్ అని మన పాఠకులకి చెప్పనక్కరలేదు గాని, ఈ సంచిక చదివే మన పిల్లల కోసం చెబుతున్నాను. వైర్‌లెస్ మీద చెప్పకూడని కాగితాలు సంచిలో వేసుకొని రాత్రనక పగలనక బండి మీద పోయే సిగ్నల్స్ జవాను అతను.

ఆ ఎం-20 పక్కన బుల్లెట్‌ని నిలబెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. బుల్లెట్‌కి బయట నూనె ట్యాంకు లేదు. క్రాంక్‌కేసు పోత పోసేటప్పుడే వెనక భాగంలో ఒక గది విడిగా వదిలి, దాన్నే నూనె ట్యాంకు చేశారు. పైపులు తగ్గాయి, కారే చోట్లు తగ్గాయి. (పూర్తిగా పోయాయని నేననను. నూనె మచ్చ పడని బుల్లెట్ కింద అసలు నూనె లేదని మా ఉస్తాద్ అనేవాడు.) 1949లో మద్రాస్ మోటార్స్ వారు ఈ బండ్లు దిగుమతి చేసి అమ్మడం మొదలుపెట్టారు. 1950ల తొలి ఏళ్ళలో సరిహద్దు గస్తీకి తగిన బండి కావాలని ప్రభుత్వం చూసినప్పుడు 350 సి.సి. బుల్లెట్‌నే ఎంచుకొని వందల సంఖ్యలో తెప్పించింది. అవి బాగా పనిచేయడంతో ఇక్కడే తయారుచేద్దామన్న ఆలోచన వచ్చింది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. 1956లో మద్రాసు ఉత్తరాన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ తెరిచారు. మొదట్లో ఇంగ్లండు నుంచి విడిభాగాలు తెచ్చి బిగించేవారు. 1957లో అచ్చులు, పనిముట్లు కూడా ఇక్కడికే వచ్చాయి. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారవుతున్నాయి.

తిరువొత్తియూరు మనకి కొత్త ఊరేమీ కాదు. మద్రాసు సెంట్రల్ నుంచి గూడూరు వైపు వచ్చే రైలుమార్గం మీదే ఉంది. సెలవు మీద ఇంటికి వస్తూ ఎన్నిసార్లు దాటామో. త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరీ అమ్మవారి మీద తెలుగులో అయిదు కృతులు చెప్పారు. ఆ ఊళ్ళోనే బుల్లెట్ ఇంజను దబదబలు కూడా పుట్టడం నాకు ఎందుకో సంతోషంగా ఉంటుంది.

అక్కడ కన్నవారింట్లో దీపం ఆరిపోయింది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1970 దాటేసరికి ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీయే ఆగిపోయింది. మద్రాసు ఫ్యాక్టరీ మాత్రం అదే ఇంజనుని, అంటే 1940ల చివర గీసిన నమూనానే, చిన్నచిన్న మార్పులతో పోతపోస్తూ వచ్చింది. 1977 నుంచి ఇంగ్లండుకే తిరిగి ఎగుమతి చేసింది. ఇనప బారెలు ఉన్న ఆ ఇంజను 2009-10 ప్రాంతం వరకు బతికింది. ఇంచుమించు అరవై ఏళ్ళు! సైన్యం, పోలీసు శాఖ వరుసగా కొంటూ ఉండబట్టే ఆ ఫ్యాక్టరీ కష్టకాలాల్ని గట్టెక్కిందని నా నమ్మకం. ఈ మాటతో ఒప్పుకోని మిత్రులు ఉండవచ్చు.

ఇక ఆ ఇంజను లోపలికి వెళదాం. ఇక్కడే అసలు సంగతంతా ఉంది.

పిస్టన్ కిందకి దిగే ప్రతిసారీ దాని దెబ్బంతా కనెక్టింగ్ రాడ్ ద్వారా క్రాంక్‌పిన్ మీద పడుతుంది. ఆ కలిసే చోటుని బిగ్ ఎండ్ అంటాం. చాలా మోటార్‌సైకిళ్ళలో ఆ చోట రోలర్ బేరింగు పెడతారు. రోలర్ బేరింగుకి కాస్త నూనె తుంపర తగిలినా గడిచిపోతుంది. పాత బుల్లెట్‌లో రెడిచ్ వాళ్ళు రోలరు పెట్టలేదు, ఫ్లోటింగ్ బుష్ పెట్టారు. పిన్నుకీ రాడ్డుకీ మధ్య వదులుగా ఉండే, తెల్లలోహం పూసిన ఒక కడియం అది. దానికి లోపలొక నూనె పొర, బయటొక నూనె పొర. కడియం ఆ రెండు పొరల మధ్య తేలుతూ తిరుగుతుంది. పొర ఉన్నంతకాలం లోహానికి లోహం తగలదు, చప్పుడు రాదు, బండి పట్టులా నడుస్తుంది. పొర తెగిందా, నిమిషాల్లో కడియం అరిగి, కింద నుంచి "ఠక్ ఠక్" మొదలవుతుంది. నూనెలో ఇసుక వచ్చినా అంతే. తెల్లలోహం మెత్తనిది, ఇసుక రేణువు దాంట్లో దిగబడిపోయి ఆకురాయిలా క్రాంక్‌పిన్నుని గీస్తూ కూర్చుంటుంది.

మన పల్లెల్లో ఎద్దుబండి ఇరుసుకి కందెన పెట్టకుండా సంతకి బయలుదేరే రైతు ఉండడు. ఇదీ అదే, కాకపోతే ఇక్కడ ఇరుసు నిమిషానికి అయిదు వేల చుట్లు దాకా తిరుగుతుంది.

ఆ బిగ్ ఎండ్‌కి నూనె ఎలా చేరుతుందో చూడండి. వెనక గదిలోని నూనెని ఒక చిన్న పంపు లాగుతుంది. ప్లంజరు ముందుకీ వెనక్కీ ఆడుతూ, డిస్కు అటూ ఇటూ ఊగుతూ నడిచే పంపు అది. కుడిపక్క టైమింగ్ కవర్ వెనక ఇలాంటివి రెండుంటాయి. ఒకటి నూనె పంపేది, రెండోది క్రాంక్‌కేసులో జారిన నూనెని తోడి మళ్ళీ గదిలో పోసేది. తోడే పంపు పంపే పంపు కన్నా పెద్దది. ఎందుకంటే క్రాంక్‌కేసు అడుగున నూనె నిలవకూడదు. పంపే పంపు నుంచి వచ్చిన నూనె తిన్నగా బిగ్ ఎండ్‌కి పోదు. టైమింగ్ కవర్‌లోనే ఉన్న ఒక చిన్న గదిలోకి వెళ్ళి, అక్కడున్న ఫెల్టు గొట్టంలోంచి వడగట్టుకొని, అప్పుడు క్రాంక్‌షాఫ్టులోకి పోతుంది. ఆ గదే ఫిల్టరు గది. ఆ ఫెల్టే ఈ వ్యాసానికి కథానాయకుడు. నొక్కి చూస్తే కంబళి ముక్కలా మెత్తగా ఉంటుంది. బిగ్ ఎండ్‌కీ, రాజస్థాన్ ఎడారికీ మధ్య ఉన్న అడ్డుగోడ అదొక్కటే.

అంచేత పాత బుల్లెట్‌ని మొండి బండి అనడం సగమే నిజం. ఆకలికి ఆగుతుంది, బరువుకి ఆగుతుంది, మురికి నూనెకి మాత్రం ఆగదు. ఇటువంటి సున్నితమైన బిగ్ ఎండ్ ఉన్న బండి మన సైన్యంలో, ఇసుకలో, బురదలో, లడఖ్ చలిలో ఏళ్ళ తరబడి ఎలా నడిచింది? దానికి జవాబు మెయింటెనెన్స్ పరేడ్.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం డ్రైవర్లకి టాస్క్ సిస్టమ్ అని ఒకటి పెట్టింది. బండినంతా ఒక్కరోజు చూడమంటే ఎవరూ చూడరు గనక, రోజుకొక భాగం చొప్పున పంచింది. ఒకరోజు బ్రేకులు, ఒకరోజు బ్యాటరీ, ఒకరోజు నూనెలు. అదే పద్ధతి మన సైన్యానికీ వచ్చింది. దాన్ని నేర్పి, తనిఖీ చేసే బాధ్యత మోసిన మన కోర్ పుట్టినరోజు 1943 అక్టోబరు 15. సికిందరాబాదు తిరుమలగిరిలో ఇ.ఎం.ఇ. సెంటరు, మిలిటరీ కాలేజీ ఉండటం వల్ల దేశం నలుమూలల నుంచీ వచ్చిన కుర్రవాళ్ళు స్పానర్ పట్టడం మన గడ్డ మీద నేర్చుకున్నారు. మలయాళీ, గఢ్‌వాలీ, మరాఠీ మిత్రులు "ఏం బాబూ, బాగున్నావా" అనే నాలుగు తెలుగు ముక్కలు ఎక్కడ నేర్చారంటే అక్కడే. స్పేరు పార్టుల సంగతి చూసే ఆర్డినెన్స్ కోర్ సెంటరు కూడా ఆ పక్కనే.

ఈ సంగతి విలువ తెలియాలంటే సివిల్‌లో అప్పుడు ఏ బండ్లు నడిచేవో గుర్తు చేసుకోవాలి. మైసూరు జావా 1961 నుంచి వచ్చింది, తరువాత దాన్నే యెజ్డీ అన్నారు. 1962 నుంచి రాజ్‌దూత్. లాంబ్రెట్టా, బజాజ్ స్కూటర్లు. అన్నీ టూ-స్ట్రోక్ ఇంజన్లే. పెట్రోలు బంకులో పెట్రోలుతో పాటే నూనె కలిపి పోయించుకోవడం, అది కాలి పొగై పోవడం, అంతే. గేరుబాక్సు నూనె తప్ప ఇంజను నూనె మార్చడమన్న మాటే ఆ బండ్లవాళ్ళకి తెలియదు. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చేదాకా మన రోడ్ల మీద పెద్ద సంఖ్యలో తిరిగిన ఫోర్-స్ట్రోక్ మోటార్‌సైకిల్ ఇంచుమించు బుల్లెట్ ఒక్కటే. కాబట్టి ఒక తరం మోటార్‌సైకిల్ వాళ్ళకి నూనె మార్చే అలవాటు ఫౌజులో, పోలీసు లైన్లలో తప్ప వేరే చోట అబ్బే అవకాశం తక్కువ. పింఛను తీసుకొని ఊరికి వచ్చి బుల్లెట్ షెడ్డు పెట్టుకున్న మాజీ సైనికులు నాకే నలుగురైదుగురు తెలుసు. కొత్తగా బుల్లెట్ కొన్న రైతు నూనె పొయ్యడమే గాని తియ్యడం ఎరగడని, నల్లగా తారులా అయ్యాక బండి తెస్తాడని వాళ్ళు నవ్వుతూ చెప్పేవారు.

పని ఎలా చేసేవాళ్ళమో చెబుతాను. పాత బండి ఉన్నవాళ్ళకి ఇప్పటికీ పనికొస్తుంది.

ముందు బండిని ఒక నాలుగు మైళ్ళు తిప్పి తేవాలి. వేడెక్కిన నూనె పలచబడి, అడుగున ఉన్న మట్టిని తనతో తీసుకొస్తుంది. చల్లని ఇంజనులో ప్లగ్ విప్పితే నూనె వస్తుంది, మట్టి ఉండిపోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. చాలా రోజులు నిలబెట్టిన బుల్లెట్‌లో అరిగిన పంపుల సందుల్లోంచి నూనె గదిలోంచి క్రాంక్‌కేసులోకి జారిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే నూనె లేనట్టు కనిపిస్తుంది. తెలియనివాడు పైన ఇంకో లీటరు పోస్తాడు. కిక్ కొట్టగానే ఊరంతా పొగ. అందుకే బండి తిప్పి, నిలబెట్టి, కాసేపాగి అప్పుడు కొలత చూడాలి. కొత్త రంగరూటు ఎవడైనా ఈ పొరపాటు చెయ్యకుండా ఎం.టి. పార్కు దాటాడంటే నేను నమ్మను.

తరువాత బండి కింద తట్ట పెట్టి ప్లగ్‌లు విప్పాలి. ఒక్కటి విప్పితే చాలదు. నూనె గదికి వేరే, క్రాంక్‌కేసుకి వేరే. ఒక్క గదిలోది తీసి రెండో దానిలోది వదిలేస్తే పాత మురికి కొత్త నూనెలో కలిసిపోతుంది. సెంటర్ స్టాండు మీద బండిని నిలబెట్టి, తొందరపడకుండా చివరి బొట్టు దాకా కారనివ్వాలి. మేము ఆ లోగా పక్క బండి క్లచ్ తీగ చూసుకొనేవాళ్ళం.

ఇక ఫిల్టరు. గది మూత తీస్తే స్ప్రింగు, వాషర్లు, ఫెల్టు వరుసగా వస్తాయి. వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకోవాలి. ఒక వాషరు తిరగబడ్డా, మరిచిపోయినా ఫెల్టు చివర సరిగా ఆనదు. నూనె ఫెల్టులోంచి కాక పక్కనుంచి పోతుంది. తీసిన ఫెల్టుని పారెయ్యకూడదు, ముందు చదవాలి. వెలుతురులో విప్పి చూస్తే తెల్లని మెరుపు కనిపించిందా, బిగ్ ఎండ్ బుష్ అరుగుతున్నదేమోనని అనుమానించాలి. పసుపు మెరుపు అయితే కంచు బుష్ ఏదో అరుగుతున్నదన్నమాట. అయస్కాంతానికి అంటితే ఉక్కు ముక్కలు. గరగరలాడితే ఇసుక. వైద్యుడు నాడి చూసినట్టు మా ఉస్తాద్ ఆ ఫెల్టుని రెండు వేళ్ళతో నలిపి, ఈ బండి ఇంకెన్ని వేల కిలోమీటర్లు పోతుందో చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది.

కొత్త ఫెల్టు వేశాక మూత బిగించబోయే ముందు ఆ గదిలో నూనె పోసి నింపాలి. ఇది మరిచిపోయేవాళ్ళు ఎక్కువ. గది ఖాళీగా ఉంటే పంపు ముందు ఆ గదిని నింపి, తరువాత గాని బిగ్ ఎండ్‌కి నూనె పంపదు. ఆ పంపు నడక చాలా నెమ్మది. అంతసేపూ పొడి బుష్ మీద ఇంజను నడుస్తుంది. నూనె పోశాక ఇంజనుని మెల్లగా నడిపించి, పైన రాకర్ల దగ్గరికి పోయే పైపు బోల్టు కాస్త సడలిస్తే అక్కడ నూనె ఊరాలి. అలా ఊరితే తోడే పంపు పనిచేస్తున్నట్టు. చివరగా మళ్ళీ డిప్‌స్టిక్ చూడాలి, ఎందుకంటే ఫిల్టరు గది తాగిన నూనె ఆ మేరకి తగ్గి ఉంటుంది. కొత్త ఇంజనుకి మొదటి 500 కిలోమీటర్లకి, తరువాత ఇంచుమించు ప్రతి 3,000 కిలోమీటర్లకి ఈ పని చెయ్యాలి. ఎడారిలో మేము అంత దూరం ఆగేవాళ్ళం కాదు.

తీసిన నల్ల నూనె ఏం చేసేవాళ్ళమంటారా? గుంజలకి చెదలు పట్టకుండా పూసేవాళ్ళం, కంచె మొదట్లో పోసేవాళ్ళం. అది తప్పని అప్పుడెవరూ అనుకోలేదు. ఇప్పుడు వాడిన నూనెని ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కిస్తూ 2016 నిబంధనలు ఉన్నాయి. డబ్బాలో పట్టి, తిరిగి తీసుకొనేవాళ్ళకి ఇవ్వడమే పద్ధతి.

ఇక నా సంగతి ఒకటి. చెప్పకపోతే పైన రాసినదంతా నేను పాటించినట్టు అనుకుంటారు.

నేను నాయక్‌గా ఉన్నప్పుడు మా యూనిట్ ఎడారిలో ఎక్సర్‌సైజుకి వెళ్ళింది. యూనిట్ పేరు అనవసరం. డి.ఆర్. బండ్లకి నూనె మార్చే రోజు వచ్చింది. స్టోరులో నూనె డ్రమ్ములున్నాయి. ఫెల్టులు లేవు. ఇండెంటు పెట్టి చాలా రోజులైంది, రాలేదు. మర్నాడు ఇన్‌స్పెక్షను. నేను పాత ఫెల్టులనే పెట్రోల్‌లో ఉతికి, పిండి, ఆరబెట్టి మళ్ళీ వేసేశాను. ఒక ఫెల్టు అంచు చిరిగి ఉంది. చూశాను. అయినా వేశాను. లాగ్‌బుక్‌లో "ఆయిల్, ఫిల్టర్ మార్చబడినవి" అని రాసి సంతకం పెట్టాను.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, రాత్రిపూట ఆ బండి మీద వెళ్ళిన డి.ఆర్. కుర్రాడికి కింద నుంచి ఠక్ ఠక్ వినిపించింది. తెలివైనవాడు, వెంటనే ఇంజను ఆపేశాడు. లేకపోతే రాడ్డు విరిగి క్రాంక్‌కేసు బద్దలయ్యేదే. బండి ఇసుకలో పడుకోబెట్టి, సంచి భుజాన వేసుకొని నడిచాడు. తెల్లవారుజామున చేరాడు. కాగితం ఆలస్యంగా అందింది. ఎక్సర్‌సైజు గనక అంతటితో పోయింది. ఇంజను విప్పితే బిగ్ ఎండ్ బుష్ మీద ఇసుక గీతలు నాగటిచాళ్ళలా ఉన్నాయి.

మా సెక్షను హవల్దారు శ్రీకాకుళం మనిషి. అందరి ముందూ ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఆ చిరిగిన ఫెల్టు నా చేతిలో పెట్టి, "ఏటి తమ్ముడూ, ఫెల్టు మార్చీసినావా, సంతకమే పెట్టీసినావా?" అన్నాడు. నేను నోరెత్తలేదు. "లేదంటే లేదని రాయాల. బండిని ఆపీమని రాయాల. ఆ కుర్రోడు నడిసినాడు కాబట్టి సరిపోయింది" అన్నాడు. తరువాత పేషీ అయింది, శిక్ష పడింది, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి లాగ్‌బుక్ చూసి బండి మంచిదని నేనెప్పుడూ నమ్మలేదు. మూత తీయించి ఫెల్టు చూసేవాణ్ణి. నా కింద పనిచేసిన కుర్రాళ్ళు నన్ను తిట్టుకొనే ఉంటారు.

సైనిక వాహనాల చరిత్ర రాసేవాళ్ళకి దొరికేవి కాగితాలే. ఎన్ని బండ్లు కొన్నారు, ఏ ఏడు కొన్నారు, ఎప్పుడు కండెమ్ చేశారు. నూనె మార్చిన లెక్కలూ దొరుకుతాయి, నాలాంటి వాళ్ళు పెట్టిన సంతకాలతో సహా. ఆ సంతకాల్లో ఎన్ని ఫెల్టులో, ఎన్ని ఉతికిన గుడ్డలో ఎవరు తేల్చగలరు? బుల్లెట్ అరవై ఏళ్ళు నడిచిందంటే సంతకం పెట్టిన రోజున నిజంగా పని చేసినవాళ్ళే ఎక్కువ మంది ఉండి ఉండాలి. నాకు తెలిసిన రుజువు అదొక్కటే.

తరువాతి కాలం గురించి రెండు ముక్కలు. 1994లో కంపెనీ ఐషర్ వారి చేతికి వచ్చింది. 2008-09 నుంచి గేరుబాక్సు, ఇంజను ఒకే పెట్టెలో ఉన్న కొత్త ఇంజన్లు వచ్చాయి. బిగ్ ఎండ్‌కి రోలరు బేరింగు, ఫెల్టు బదులు కాగితపు ఫిల్టరు. 2020 తరువాత వచ్చిన జె-సిరీస్ ఇంజను ఇంకా నిమ్మళం. కుర్ర జవాన్లు అదృష్టవంతులు, ఒక వాషరు అటూ ఇటూ అయినందుకు వాళ్ళ బండి పాడవదు. 2017 నవంబరు 19న యలహంక వైమానిక స్థావరంలో ఎ.ఎస్.సి. టోర్నడోస్ జట్టు ఒకే 500 సి.సి. బుల్లెట్ మీద 58 మందిని ఎక్కించి 1,200 మీటర్లు నడిపి ప్రపంచ రికార్డు తెచ్చింది. టీవీలో చూసినవాళ్ళంతా మనుషుల్ని లెక్కపెట్టారు. నాకు మాత్రం అంత బరువుతో, అంత నెమ్మదిగా, గాలి సరిగా తగలకుండా పోతున్న ఆ ఇంజనులో నూనె ఎంత వేడెక్కి ఉంటుందో అన్న దిగులే. ముందురోజు రాత్రి ఆ నూనె మార్చిన మెకానిక్ పేరు ఏ పత్రికలోనూ కనిపించలేదు.

ఆ మధ్య విశాఖపట్నంలో ఒక మిత్రుడు సైన్యం వేలంలో వచ్చిన పాత బుల్లెట్ కొన్నాడు. చేతులు మారి మారి వచ్చిన బండి. ఆకుపచ్చ రంగు మీద ఎవరో నల్ల రంగు కొట్టారు, గీకితే కింద పచ్చదనం కనిపిస్తోంది. "అన్నా, నూనె మార్చి పెట్టు" అని పిలిచాడు. మోకాళ్ళు సహకరించకపోయినా వెళ్ళి కూర్చున్నాను. ప్లగ్‌లు విప్పాం. నూనె తారులా వచ్చింది. ఫిల్టరు మూత తీశాను. లోపల ఉన్నది కంపెనీ ఫెల్టు కాదు. బ్యారక్ కంబళి ముక్కని కొలతకి కత్తిరించి, గొట్టంలా చుట్టి, దారంతో దగ్గర దగ్గరగా కుట్టినది. అంచులు మడిచి కుట్టాడు, సరిగ్గా ఆనేలాగ. కుట్టు ఎక్కడా ఊడలేదు. నలిపి చూస్తే కాస్త ఇసుక తగిలింది గాని మెరుపు లేదు. బిగ్ ఎండ్ బాగుంది.

ఎవరో నాలాంటివాడే. ఫెల్టు రాలేదు, మర్నాడు బండి వెళ్ళాలి. కాకపోతే అతను ఉతకలేదు, కూర్చుని కుట్టాడు. కొత్త ఫెల్టు వేసి, గదిలో నూనె నింపి మూత బిగించాను. ఆ కంబళి గొట్టాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రోజు లాగ్‌బుక్‌లో అతనేమి రాశాడో చూడాలని ఉంది. లాగ్‌బుక్ వేలంలో బండితో పాటు రాలేదు.